మూరెడు కాడ అని చెప్పి జానెడు మొక్క అంటగట్టారు: పొగడబంతి విత్తనాలు ఆన్‌లైన్‌లో కొనేవాళ్ళు జాగ్రత్త

ఇంకా కోపం తగ్గలేదు. శనివారం సాయంత్రం ఫోన్లో విన్న మాట ఇప్పటికీ చెవుల్లో మోగుతూనే ఉంది. చెప్పే వరుస తప్పితే సర్దుకుని చదవండి.

ఆ విత్తనాల పేజీ మీలో చాలామందికి తెలుసు. పూల తోటల రీల్స్ పెట్టి, కింద వాట్సాప్ నంబర్ ఇచ్చి, డబ్బులు పడగానే కొరియర్ పంపిస్తారే, ఆ పేజీ. ఫిర్యాదు పెట్టాను, అది తేలేదాకా పేరు బయటపెట్టొద్దని మా తమ్ముడు గట్టిగా చెప్పాడు కాబట్టి రాయడం లేదు. వాళ్ళ దగ్గర కొన్నవాళ్ళకు చదవగానే అర్థమైపోతుంది.

చేవెళ్ల దగ్గర మా అత్తగారి ఊళ్ళో మాకు కొంచెం ఎర్ర చెలక ఉంది. అందులో మూడు గుంటల్లో ఈ ఏడాది పొగడబంతి పెట్టాను. విడిపూల కోసం కాదు, కాడతో సహా కోసి కొన్ని పచ్చిగా, కొన్ని ఎండబెట్టి అమ్మడానికి. పెళ్ళి మండపాలు చేసే డెకరేటర్ అన్న ఒకరు దసరా నుంచి కట్టలు తీసుకుంటానని పది వేలు అడ్వాన్స్ కూడా ఇచ్చారు. ఆయన పెట్టిన షరతులు రెండే. కాడ 16 అంగుళాలకు తగ్గకూడదు. రంగుల్లో గులాబీ, తెలుపు, ఇటుక ఎరుపు ఉండాలి.

పొగడబంతిని తమిళులు వాడామల్లి అంటారు, వాడిపోని పువ్వని. మనం పువ్వు అనుకుని ముట్టుకునే ఆ గరగరలాడే గుండు నిజానికి పూరేకులు కాదు, కాగితం లాంటి రంగు పొరలు. అసలు పువ్వు ఆ పొరల మధ్య నుంచి చిన్న చుక్కలా బయటికి తొంగిచూస్తుంది. పొరల్లో తడి పెద్దగా ఉండదు, అందుకే ఎండినా రంగు పోదు, ముడుచుకోదు. ఎండు పూల వ్యాపారంలో దీనికి అంత గిరాకీ అందుకే. కానీ ఆ వ్యాపారంలో పువ్వెంత ముఖ్యమో కాడా అంతే ముఖ్యం. కాడ లేని పొగడబంతి మాలకు, బతుకమ్మకు పనికొస్తుంది. బొకేకి, మండపానికి పనికిరాదు.

ఇందులో పొట్టి రకాలు వేరే ఉన్నాయి. బడ్డీ, గ్నోమ్ అని వచ్చేవి కుండీలకు, నడక దారి అంచులకు పెంచేవి. అవి జానెడు ఎదిగి, గుండ్రంగా పొదలా పరుచుకుని అక్కడే ఆగిపోతాయి. కాడ కోసం అయితే క్యూఐఎస్, ఆడ్రే లాంటివి తీసుకోవాలి, అవి రెండడుగులకు అటూ ఇటూగా పెరుగుతాయి. ఎరుపు కావాలంటే స్ట్రాబెర్రీ ఫీల్డ్స్, అది అసలు వేరే జాతి, గోంఫ్రీనా హాగియానా (పొగడబంతిని ఇంగ్లీషులో గోంఫ్రీనా అంటారు). ఇవన్నీ నాకు కొనక ముందే తెలుసు. తెలిసీ మోసపోయాను, అదే నన్ను రాత్రిళ్ళు నిద్రపోనివ్వడం లేదు. గింజను చూసి పొట్టిదా పొడుగుదా అని ఎవరూ చెప్పలేరు. దూది అంటుకున్నట్టు నూగుతో ఉండే గింజ, రెండిటికీ ఒకటే రూపం. అమ్మేవాడి మాట మీద తప్ప ఆధారపడటానికి ఇంకేమీ లేదు.

అందుకే ఆర్డర్ పెట్టే ముందు ఫోన్ చేసి అడిగాను. "కట్ ఫ్లవర్ కోసమండీ, ఎత్తు ఎంత వస్తుంది?" అన్నాను. "రెండడుగులు ఖాయం మేడం, పెద్ద పెద్ద డెకరేటర్లు మన దగ్గరే తీసుకుంటారు" అన్నాడు. పేజీలో కూడా 'పొడవు కాడ, కట్ ఫ్లవర్ మిక్స్' అని రాసి, ఎర్రటి పూల ఫోటో పెట్టి ఉంది. ఒక్కో ప్యాకెట్‌కు 500 గింజలు, 450 రూపాయలు. ఆరు ప్యాకెట్లు తీసుకున్నాను.

మే నెలాఖరులో రాత్రంతా గింజలు నానబెట్టి, కోకోపీట్ (కొబ్బరి పొట్టు) నింపిన ప్రో ట్రేలలో, అంటే చిన్న చిన్న గుంతలుండే నారు ట్రేలలో వేశాను. పన్నెండు రోజులకు బాగానే మొలిచాయి. జూలై మొదటి వారంలో నాటాం. పక్క కొమ్మలు రావాలని తల తుంచాను. ఆగస్టు మొదటి వారంలోనే మొగ్గ కనపడితే సంబరపడ్డాను తప్ప, బెత్తెడు మొక్కకు మొగ్గ ఏమిటని ఆలోచించలేదు. కణుపులు దగ్గర దగ్గరగా, మొక్క పైకి కాకుండా పక్కకు పోతోంది. తల తుంచాను కదా, అందుకే ఆగిందేమో, ఇంకో రెండు వానలు పడితే లేస్తుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అత్తమ్మ కలుపు తీస్తూ తీస్తూ ఒకరోజు లేచి నిలబడి, "గీ చెట్లు గింతేనా బిడ్డా?" అని అడిగింది. పెరుగుతాయి అత్తమ్మా అన్నాను. ఆమెకు మోకాళ్ళ నొప్పులు. అయినా కూలీల పక్కనే కూర్చుని మూడు గుంటలూ రెండుసార్లు కలుపు తీసింది.

శనివారం టేపు తీసుకుని మడిలోకి దిగాను. వరసకు పది మొక్కల చొప్పున కొలిచాను. ఏడు అంగుళాలు, ఎనిమిది, ఏడున్నర. అన్నిటికంటే ఎత్తున్నది తొమ్మిది అంగుళాలు. పువ్వు కింద నుంచి కొమ్మ చీలే చోటు దాకా కాడ నా నడిమి వేలంత ఉంది. పూలన్నీ నిండుగా విచ్చుకున్నాయి, ఇంక పెరగడమనే మాట లేదు. రంగులు ఊదా, లేత గులాబీ, తెలుపు. ఎరుపు ఒక్కటంటే ఒక్కటి లేదు.

టేపు పక్కన పెట్టి ఫోటోలు తీసి పంపాను. రెండు నీలి టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. సాయంత్రం ఫోన్ చేశాను. చేతులకు మట్టి ఉందని స్పీకర్‌లో పెట్టాను, అత్తమ్మ గట్టు మీద నా పక్కనే కూర్చుని ఉంది. ముందు "ఎరువు వేయలేదేమో మేడం" అన్నాడు. రెండు ట్రాలీల పశువుల ఎరువు వేశామని చెప్పాను. "అయితే నీళ్ళు ఎక్కువై ఉంటాయి" అన్నాడు. డ్రిప్ అన్నాను. మీరు పంపింది పొట్టి రకం, కుండీల రకం, దయచేసి ఒప్పుకోండి అన్నాను. అప్పుడు గట్టిగా నవ్వి అన్నాడు: "పువ్వు వచ్చిందా లేదా? ప్యాకెట్ మీద పువ్వు బొమ్మ ఉంది, మీకు పువ్వే వచ్చింది. అంత ఎత్తు కావాలంటే కొబ్బరి చెట్టు పెట్టుకోవాల్సింది మేడం."

వెనక ఇంకెవరో కూడా నవ్వారు. ఫోన్ పెట్టేశాడు. మళ్ళీ చేస్తే తగల్లేదు, నంబర్ బ్లాక్ చేశాడు.

అత్తమ్మ ఏమీ అనలేదు. కొంగుతో చేతులు తుడుచుకుని, పక్కనున్న మొక్క పువ్వును ఒకసారి ఇట్లా పైకెత్తి చూసి వదిలేసింది. ఆ విత్తనాలవాడు నన్ను అన్న మాట నేను దిగమింగుకోగలను. రెండు నెలలు నేల మీద పాకుతూ కలుపు తీసిన అరవై ఏళ్ళ మనిషి ముందు అన్న మాటను దిగమింగుకోలేను.

అంతటితో ఆగలేదు. ఆదివారం పొద్దున రుజువుగా ఉంటుందని పేజీ తెరిచి చూస్తే, 'పొడవు కాడ, కట్ ఫ్లవర్ మిక్స్' అన్న మాటే లేదు. ఉత్త 'గోంఫ్రీనా మిక్స్' అని ఉంది. ఎర్ర పూల ఫోటో తీసేసి ఊదా పూల ఫోటో పెట్టారు. రాత్రికి రాత్రి మార్చేశారు. అంటే పంపింది ఏమిటో వాళ్ళకు మొదటి నుంచీ తెలుసు. పొరపాటున జరిగి ఉంటే ఇంత కష్టం ఎందుకు పడతారు?

నా దగ్గర స్క్రీన్‌షాట్ లేదు. కొన్నరోజు ఒక్క స్క్రీన్‌షాట్ తీసుకుని ఉంటే చాలు. ఎత్తు గురించి ఫోన్లో అడిగాను, రాతలో అడగలేదు. ఐదు ప్యాకెట్లు గుర్తు కోసం మడుల దగ్గర పుల్లలకు గుచ్చాను, వానకు నాని పోయాయి. మిగిలిన ఒక్క ప్యాకెట్ ఇప్పుడు నా ముందు ఉంది. జిప్ కవరు, దాని మీద తెల్ల స్టిక్కర్. లాట్ నంబర్ లేదు, మొలక శాతం లేదు, పరీక్ష చేసిన తేదీ లేదు, ప్యాక్ చేసినవారి చిరునామా లేదు. పువ్వు బొమ్మ మాత్రం ఉంది. ఇది మే నెలలో కూడా ఇట్లాగే ఉంది, నేనే చూడలేదు. చూసి ఉంటే అప్పుడే వెనక్కి పంపేదాన్ని.

ఖర్చు కూడా చెప్తాను. విత్తనాలు 2,700. ట్రేలు, కోకోపీట్ 3,800. ఎరువు 6,000. డ్రిప్ పైపులు 7,000. కూలి 12,500. మొత్తం 32,000. అడ్వాన్స్ పది వేలు నిన్న తిరిగి వేశాను. డెకరేటర్ అన్న మంచివారు, ఒక్క మాట అనలేదు, బెంగళూరు నుంచి తెప్పించుకుంటానన్నారు. వచ్చే ఏడాది మళ్ళీ నన్ను అడుగుతారా అంటే నమ్మకం లేదు. "విత్తనాల డబ్బు ఎంత, మూడు వేలు కూడా కాదు కదా" అని బంధువుల్లో ఒకరు అన్నారు. నేను పోగొట్టుకున్నది ఆ 2,700 కాదు. మే నుంచి ఆగస్టు దాకా ఒక పంట కాలం. దాన్ని ఎవరూ కొరియర్‌లో తిరిగి పంపలేరు.

ఇంటి వెనక పాత గది ఖాళీ చేసి సున్నం వేయించాను. వెలుతురు పడితే రంగు వెలుస్తుందని కిటికీకి గోనె పట్టా కట్టాను. గోడ నుంచి గోడకు ఎనిమిది వరసల జీఐ తీగ లాగించాను. మంచు ఆరాక, గుండు నిండుగా రంగు తిరిగి ఇంకా పొడుగ్గా సాగకముందే కాడలు కోసి, ఆకులు దూసేసి, పది పన్నెండు కాడలకు ఒక రబ్బరు బ్యాండు వేసి తలకిందులుగా వేలాడదీయాలి. దారంతో కడితే ఎండేకొద్దీ కాడ సన్నబడి జారిపోతుందని బ్యాండ్లు కూడా కిలో తెచ్చిపెట్టాను. రెండు మూడు వారాలు అట్లా ఉంచితే చాలు. తీగలన్నీ ఖాళీగా ఉన్నాయి. నడిమి వేలంత కాడలను దేనికి కట్టి వేలాడదీయను?

పూలను పారేయను. బతుకమ్మ రోజుల్లో విడిపూలుగా అమ్ముదామని అత్తమ్మ అంటోంది, ఎంత వస్తే అంత. ఇంకో మాట కూడా అంది, అది మాత్రం గుచ్చుకుంది. మా పెరట్లో బావి పక్కన ఏళ్ళ తరబడి దానంతట అదే రాలి మొలిచే ఊదా పొగడబంతి ఉంది. ఎవరూ నీళ్ళు పోయరు, అయినా నడుము దాకా లేస్తుంది. "దాని గింజలేరుకుంటే అయిపోతుండె గదా బిడ్డా" అంది. ఊదా ఒక్కటే ఉంటే ఆర్డర్ రాదని మే నెలలో నేనే వద్దన్నాను. కనీసం ఒక్క గుంటలో అది పెట్టి ఉన్నా ఈరోజు కొన్ని కట్టలైనా ఆ తీగల మీద ఉండేవి.

కొనబోయేవాళ్ళు ఇవి చూసుకోండి. రకం పేరు, ఎత్తు వాట్సాప్‌లో రాతపూర్వకంగా అడగండి. ఫోన్లో చెప్తానంటే కొనొద్దు. ఉత్త 'మిక్స్' అని ఉంటే అసలే వద్దు. కొన్న రోజే పేజీని తేదీ కనపడేలా స్క్రీన్‌షాట్ తీసుకోండి. లాట్ నంబర్, పరీక్ష తేదీ లేని ప్యాకెట్‌ను తెరవకుండా వెనక్కి పంపండి. ప్రతి ప్యాకెట్‌లో పది గింజలు, కవరుతో సహా దాచండి. కొత్త చోట కొంటే మొదటి ఏడాది ఒక్క మడికి మించి వేయొద్దు. నాటాక బెత్తెడు ఎత్తులోనే మొగ్గ వస్తే నాలాగా సర్దిచెప్పుకోకుండా ఆరోజే ఫోటోలు తీసి ఫిర్యాదు పెట్టండి.

ఇప్పటికే మోసపోయినవాళ్ళు ఉంటే 1915కు ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. విత్తనం కొన్న రైతు కూడా వినియోగదారుడేనని సుప్రీంకోర్టు 2012లో తీర్పు ఇచ్చింది, కాబట్టి మీది వ్యాపారం, మీకు వర్తించదు అంటే నమ్మొద్దు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఐదు లక్షల లోపు కేసుకు ఫీజు లేదు, గడువు రెండేళ్ళు. నా దగ్గర డబ్బు చెల్లించిన రసీదు, కొరియర్ కవరు, ఒక ప్యాకెట్, కొలత ఫోటోలు ఉన్నాయి. వాటితోనే వెళ్తున్నాను. ఈ మే, జూన్ నెలల్లో అదే పేజీ నుంచి అదే మిక్స్ కొన్నవాళ్ళ దగ్గర పాత పేజీ స్క్రీన్‌షాట్ ఉంటే దయచేసి నాకు పంపండి, ఒక్కటి చాలు.

ఇది రాస్తుండగా మా తమ్ముడు ఇంకో లింకు పంపాడు. వాళ్ళదే కొత్త పోస్టు, పొద్దున పదకొండింటికి పెట్టారు. అవే జిప్ కవర్లు, అదే తెల్ల స్టిక్కరు, పక్కన మూరెడు కాడలతో ఎర్రటి పూల కట్ట. రబీకి ఆర్డర్లు తీసుకుంటున్నారట. డబ్బులు కట్టినవాళ్ళు ఎవరైనా ఉంటే పార్శిల్ బయల్దేరకముందే ఈరోజే క్యాన్సిల్ చేసుకోండి.