'ట్రెసే' మొదటి భాగం: దెయ్యాన్ని చంపిందెవరు?

హత్య జరిగింది. చచ్చింది ఒక దెయ్యం. ఒకసారి చచ్చిపోయినది మళ్ళీ ఎలా చచ్చింది? బడ్జెట్ టాన్ రాసి, కాజో బల్డిసిమో బొమ్మలు వేసిన 'ట్రెసే' మొదటి భాగం ఈ ప్రశ్నతోనే మొదలవుతుంది. 2008లో పుస్తకంగా వచ్చిన ఫిలిప్పీన్స్ బొమ్మల నవల ఇది. ఇంగ్లీషులోనే ఉంటుంది, మధ్యమధ్యలో అక్కడి భాష తగలోగ్ మాటలు తగులుతుంటాయి.

ఆ దెయ్యం సంగతి నాకు ముందే తెలుసు. ఆ దేశంలోనే దావావులో డాక్టరీ చదివే రోజుల్లో కాగితాల పని మీద మనీలా వెళ్ళాను. దాన్ని ఆనుకునే ఉన్న క్యూజోన్ సిటీలో టాక్సీ డ్రైవర్ బలెటే డ్రైవ్ అనే రోడ్డు కథ మొదలుపెట్టి, చెబుతూ చెబుతూ తన ముందున్న అద్దం పక్కకి తిప్పేశాడు. అర్ధరాత్రి తెల్లబట్టల ఆడమనిషి అద్దంలో వెనక సీట్లో కనిపిస్తుందట, తిరిగి చూస్తే ఉండదట. వెనక సీట్లో ఉన్నది నేను! బలెటే అంటే మన మర్రి జాతి చెట్టే, ఊడలతో సహా. ఇక మనకి వేరే చెప్పాలా.

డిటెక్టివ్ పేరు అలెగ్జాండ్రా ట్రెసే. నల్ల కోటు, ఇటూ అటూ మాస్కులు పెట్టుకున్న కవల అంగరక్షకులు. కెప్టెన్ గెర్రేరోకి తన పోలీసు బుర్రకి అందని కేసు వస్తే ఈమెకే ఫోన్. ట్రెసే అంటే పదమూడు, ఒకప్పుడు అక్కడ ఏలిన స్పెయిన్ వాళ్ళు వదిలిపోయిన అంకె. నేను వచ్చేసేనాటికి అక్కడి చిన్న బస్సు జీప్నీలో మినిమం చార్జీ 13 పెసోలు, అందుకని ఆ పేరు చూడగానే భయం బదులు చిల్లర గుర్తొచ్చింది.

ఈ పుస్తకంలో నాకు నచ్చింది దెయ్యాలు కాదు, వాటికున్న రూల్సు. మన కథల్లో మంత్రగాడు వేపమండ ఊపితే అన్నీ సర్దుకుంటాయి. ఇక్కడ అలా కుదరదు. ఏ జీవికి ఏది పడదు, ఎవరి హద్దు ఎక్కడిదాకా, మాట ఇస్తే ఎంతవరకు కట్టుబడతారు అన్నదే సాక్ష్యం. గుర్రం తలా మనిషి ఒళ్ళూ ఉన్న టిక్బలాంగ్ సంగతే చూడండి. అడవిలో బాటసారికి దారి తప్పిస్తుంది. చొక్కా తిరగేసి వేసుకుంటే వదులుతుంది. దాని జూలులో మూడు ప్రత్యేకమైన వెంట్రుకలు లాగేస్తే మన మాట వింటుంది. ఊళ్ళో చెప్పుకునే మాటలివి. ఈ నవలలో ఆ జాతి యువరాజు అడవి మానేసి మనీలా రోడ్ల మీద కార్ల రేసులు ఆడుతుంటాడు. దారి తప్పించేవాడికి స్టీరింగ్ ఇవ్వాలన్న ఆలోచన ఎవరికొస్తుంది చెప్పండి!

అక్కడ ఇవన్నీ ఇప్పటికీ బతికున్న నమ్మకాలే. మా లేబర్ వార్డులో ఓ రాత్రి కిటికీ దగ్గర వెల్లుల్లి రెబ్బలు తీయబోతే, పేషెంటు వాళ్ళమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. మననంగల్ అనేది నడుము దగ్గర తెగి, పై సగం రెక్కలతో ఎగిరొచ్చి గర్భిణుల కోసం తిరుగుతుందట. డ్యూటీ నర్సు నాకేసి చూసి 'వదిలేయ్, డాక్' అంది. వదిలేశాను.

లోపం కూడా చెప్పాలి. మిస్టరీగా చూస్తే ఇది మనతో సరిగ్గా ఆడదు. అలెగ్జాండ్రాకి అన్నీ ముందే తెలుసు. మనం అనుమానితుల్ని లెక్కపెట్టుకునేలోపే ఆమె కేసు తేల్చేస్తుంది. ఒక్కో కేసు చాలా పొట్టి. నల్ల సిరా దట్టంగా పోసిన బొమ్మల్లో కొట్లాట ఎవరెవరి మధ్య జరుగుతోందో రెండు చోట్ల వెనక్కి తిప్పి చూడాల్సి వచ్చింది. కానీ రాత్రి వీధుల్లో ఆ నలుపు మాత్రం అదిరింది. 2021లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ఆరు ఎపిసోడ్ల యానిమేషన్‌లో రంగులొచ్చాయి గానీ ఆ చిక్కదనం పోయింది.

అమ్మమ్మకి టిక్బలాంగ్ బొమ్మ చూపించి, ఎండలో వాన పడితే అక్కడ వీటికి పెళ్ళవుతోందంటారని చెప్పాను. 'మనకి కుక్కా నక్కా, వాళ్ళకి గుర్రమా' అని కళ్ళజోడు సర్దుకుని మరీ చూసింది. 'పెళ్ళికూతురేదీ' అని అడిగింది కూడా.

విదేశాల్లో డాక్టరీ చదివినవాళ్ళు ఇక్కడ రాయాల్సిన ఎఫ్‌ఎంజీఈ పరీక్ష పుస్తకాల మధ్య పెట్టుకుని రెండు రాత్రుల్లో చదివేశాను, చదవకూడని టైములో. వచ్చే నెల సెలవులకొస్తున్న జూనియర్‌కి రెండో భాగం తెమ్మని చెప్పాను. లగేజీ నిండిపోయింది అక్కా అన్నాడు. ఎండు మామిడి ప్యాకెట్లు రెండు తీసెయ్యమన్నాను.