మా ఆవిడ ఊళ్లో లేని ఆరు వారాలు, 22 ప్యాకెట్లు

పెద్దమ్మాయి పురిటికని మా ఆవిడ జూన్ మొదటి వారంలో డల్లాస్ వెళ్లింది. నవంబరు దాకా రాదు. వెళ్లే ముందు రెండు జాడీల ఆవకాయ, ఒక సీసాడు కందిపొడి, డబ్బా నిండా గుమ్మడి వడియాలు సర్ది, "అన్నం వండుకోండి, కూర కర్రీ పాయింట్‌లో తెచ్చుకోండి, మజ్జిగ మానకండి" అని చెప్పింది. నాకు అన్నం వండటం, కాఫీ కలపడం వచ్చు. 37 ఏళ్ల కాపురంలో అంతకుమించి అవసరం పడలేదు.

కర్రీ పాయింట్ కూరలు రెండు వారాలు తిన్నాను. మా దానవాయిపేట చుట్టుపక్కల వాటికి కొదవ లేదు, రుచికి వంక పెట్టను. కానీ నాకు పదకొండేళ్లుగా బీపీ మాత్ర ఉంది. ఆ నూనె, ఆ కారం రోజూ పడలేదు. రాత్రిళ్లు గుండెలో మంట. ఒకరోజు సూపర్ మార్కెట్‌లో రెడీ టు ఈట్ ప్యాకెట్లున్న అర దగ్గర ఆగి, ఒక్కోటి తీసి వెనక రాసింది చదవడం మొదలుపెట్టాను. ఆ రోజు నాలుగు కొన్నాను. ఆరు వారాల్లో మొత్తం 22 అయ్యాయి. నాలాగా ఇంట్లో ఒక్కరే ఉండి, వంట రాక, ఒంట్లో ఏదో ఒక ఇబ్బంది ఉన్నవాళ్లు చాలామంది ఉంటారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

మొదట నా అనుమానం అందరికీ ఉండేదే. ఫ్రిజ్‌లో పెట్టకుండా ఏడాదిపాటు పప్పు ఎలా నిలవుంటుంది, ఏం మందులు కలుపుతారో అని. దాన్ని తీర్చింది మా పక్కింటి సుబేదారు గారు. ఆయన లేహ్ వైపు పనిచేసి వచ్చారు. "అక్కడ నీళ్లు తొందరగానే మరుగుతాయండీ, పప్పు మాత్రం ఉడకదు" అన్నారు. ఎత్తు మీద గాలి ఒత్తిడి తక్కువ కదా, నీళ్లు తక్కువ వేడికే మరిగిపోతాయి. అందుకే ముందే ఉడికించి మూసిన ప్యాకెట్లు ఇస్తారట, తెల్లటి ఇంధనం బిళ్ల వెలిగించి వేడి చేసుకుంటే చాలట. సైనికుల కోసం ఇలాంటి ప్యాకెట్ల మీద మైసూరులో రక్షణ శాఖవారి ఆహార పరిశోధనశాల చాలా కృషి చేసింది. అది 1961లో పెట్టిన సంస్థ.

పద్ధతి మన ప్రెషర్ కుక్కర్‌కి పెద్దన్న లాంటిది. వండిన కూరను సంచిలో పోసి గాలి చొరకుండా అతికించి, ఆ సంచినే పెద్ద పాత్రలో పెట్టి ఒత్తిడితో సుమారు 121 డిగ్రీల వేడికి గురిచేస్తారు. పాడుచేసే క్రిములు లోపలే చస్తాయి, కొత్తవి రావడానికి దారి ఉండదు. సంచి పొరల మధ్య అల్యూమినియం రేకు ఉంటుంది కాబట్టి వెలుతురూ గాలీ తగలవు. నిలవ మందు అక్కర్లేదు. నేను కొన్నవాటిలో చాలావాటి మీద ఆ మాటే రాసి ఉంది.

వేడి చేయడానికి నీళ్ల పద్ధతే మంచిది. గిన్నెలో నీళ్లు మరిగాక ప్యాకెట్టును కత్తిరించకుండా దించాలి. అది పైకి తేలుతుంది, పట్టకారుతో ఒకటి రెండుసార్లు తిప్పాలి. ఐదు నిమిషాలకు తీసి, తుడిచి, నిలబెట్టి కాసేపు ఆగాలి. నేను ఆగకుండా మూల కత్తిరిస్తే ఆవిరి బొటనవేలికి తగిలి రెండు రోజులు మంట పెట్టింది. లోపలి మూలల్లో మూడు నాలుగు చెంచాల ముద్ద ఉండిపోతుంది. ప్యాకెట్టును బల్ల మీద పరిచి చెంచా కాడతో అడుగు నుంచి నొక్కుకుంటూ వస్తే అంతా వచ్చేస్తుంది. మైక్రోవేవ్ ఉన్నవాళ్లు తప్పకుండా గిన్నెలోకి మార్చి పెట్టండి. రేకు సంచిని అందులో పెట్టకూడదు.

ఇక రుచి. నాకు అన్నింటికన్నా నచ్చింది ఎంటీఆర్ వాళ్ల బిసిబేళె బాత్. 1924లో బెంగళూరులో మొదలైన మావళ్లి టిఫిన్ రూమ్స్ పేరే ఎంటీఆర్ (యుద్ధ కాలంలో బియ్యం దొరక్క రవ్వ ఇడ్లీ చేసిందీ ఆ హోటలే అంటారు). బిసిబేళె మన సాంబారన్నానికి దగ్గర చుట్టం. అన్నం, పప్పు కలిసిపోయి జారుగా ఉండాల్సిన వంట కాబట్టి ప్యాకెట్ దానికేం అపకారం చేయదు. విప్పగానే దాల్చినచెక్క, చింతపండు వాసన కలిసి వచ్చింది. ఒక చెంచా నెయ్యి, నాలుగు వడియాలు పక్కన పెట్టుకున్నాను. ఆ పూట ఇంట్లో భోజనం చేసినట్టే ఉంది.

రెండోది ఐటీసీ కిచెన్స్ ఆఫ్ ఇండియా దాల్ బుఖారా. ఢిల్లీలో వాళ్ల మౌర్య హోటల్లో బుఖారా అనే రెస్టారెంటు పేరు మీద వచ్చింది. నల్ల మినుములు మెత్తగా, వెన్నతో చిక్కగా ఉంటుంది. అన్నంలోకి కాదు, పుల్కాల్లోకి. బరువైన వంట, నేనైతే సగం తిని సగం దాచాను.

మిగతావాటిలో కొన్ని నిరాశపరిచాయి. పేర్లు రాయను. ఒక పులిహోర ప్యాకెట్టులో అన్నం ముద్దలు కట్టి, వేరుశనగ గుళ్లు నానిన శనగల్లా మెత్తబడ్డాయి. పులిహోర అంటే మెతుకు మెతుకూ విడిగా ఉండి, గుళ్లు కరకరలాడాలి. ఆ రెండూ మూసిన సంచిలో ఆవిరి మీద నిలవవు. ఇది కంపెనీ తప్పు అనేకన్నా ఆ వంట ప్యాకెట్టుకు పనికిరాదంటేనే నిజం. అదే చింతపండు గుజ్జు సీసా కొని వేడన్నంలో కలుపుకుంటే ఎంతో నయం. పాలక్ పనీర్‌లో ఆకుపచ్చ పోయి నాచు రంగు వచ్చింది. అంత వేడికి ఆకుకూర రంగు నిలవదు కనుక భయపడక్కర్లేదు. పనీర్ ముక్క మాత్రం సాగింది, నాకు మింగుడుపడలేదు.

ఒకటి జాగ్రత్తగా వినండి. నేను తెచ్చిన ఒక ప్యాకెట్ ఇంట్లోకి వచ్చాక చూస్తే దిండులా ఉబ్బి ఉంది. అతుకు దగ్గర చెమ్మ కూడా ఉంది. బిల్లు పట్టుకుని వెనక్కి ఇచ్చేశాను, మారు మాట లేకుండా తీసుకున్నారు. ఉబ్బినది, కారినది, రేకు చిల్లిపడినది వాసన చూడటానికైనా విప్పకండి. విప్పిన ప్యాకెట్టులో మిగిలింది మామూలు కూరతో సమానం, గిన్నెలోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టి మర్నాటికల్లా తినేయాలి.

ఇప్పుడు ఉప్పు సంగతి. నేను అసలు రాయాలనుకున్నది ఇదే. ప్యాకెట్ వెనక ఉప్పు అని ఉండదు, సోడియం అని ఉంటుంది. అదీ 100 గ్రాములకు. నా దగ్గరున్న ఒక పప్పు ప్యాకెట్ మీద 400 మిల్లీగ్రాములు అని ఉంది. చూడటానికి కొంచెమే. కానీ ప్యాకెట్ 300 గ్రాములు. మొత్తం తింటే 1200. సోడియాన్ని రెండున్నరతో హెచ్చవేస్తే ఉప్పు వస్తుంది, అంటే మూడు గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి ఐదు గ్రాముల లోపు ఉండాలంటోంది. ఒక్క పూటలో సగం పైన అయిపోయింది. అందుకని నేను ఒక ప్యాకెట్టును రెండు పూటలు చేసుకున్నాను, అన్నం మామూలుగానే ఉప్పు లేకుండా వండుకున్నాను. ప్యాకెట్ తిన్న రోజు ఆవకాయ జాడీ జోలికి వెళ్లలేదు. ఆ నియమం కష్టంగానే ఉంది, కానీ ఆరు వారాలకు చూపిస్తే బీపీ పెరగలేదు. వేడినీళ్లు పోసుకునే ఉప్మా, పోహా లాంటి పొడి రకాల మీద అంకె ఇంకా పెద్దగా కనిపిస్తుంది. అక్కడ 100 గ్రాముల లెక్క కాదు, మీ గిన్నెలో పడే బరువుకి లెక్క కట్టండి.

ఖర్చు చెప్పాలంటే, నేను కొన్నవి 100 నుంచి 160 రూపాయల మధ్య పడ్డాయి. కర్రీ పాయింట్ కూర కన్నా ఎక్కువే. రెండు పూటలు వస్తుంది కాబట్టి నాకు బాధనిపించలేదు, నలుగురున్న ఇంటికి మాత్రం తూగదు.

ఇందులో దేనికీ తాలింపు వాసన ఉండదు. వేసే ఉంటారు, కరివేపాకు కనిపిస్తుంది కూడా, కానీ అది నెలల కిందట వేసింది. ఈ మాట మా ఆవిడతో అన్నాను. ఇక్కడ రాత్రి ఏడున్నర, అక్కడ పొద్దున తొమ్మిది. మనవడిని ఒళ్లో వేసుకుని వీడియో కాల్లో కూర్చుంది. "చిన్న మూకుడు పెట్టండి. ఒక్క చెంచా నూనె. ఆవాలు చిటపటలాడాకే జీలకర్ర, ఎండుమిర్చి. స్టవ్ ఆపేసి కరివేపాకు వేయండి, మాడదు" అని ఒక్కోటీ చెప్పి చేయించింది. ఆ తాలింపు ప్యాకెట్ పప్పులో వేయగానే చుయ్ మంది. "ఆ చప్పుడు ఇక్కడికి వినిపించింది" అంది. నేను జీవితంలో వేసిన మొదటి తాలింపు అది. ఆ పప్పుకీ ముందు రోజు తిన్న అదే పప్పుకీ పోలిక లేదు.

ఇప్పుడు అరలో నాలుగు బిసిబేళె, రెండు పప్పు, ఒక దాల్ బుఖారా ఉన్నాయి. ఆ దాల్ ఆదివారం సుబేదారు గారు వచ్చినప్పుడు విప్పుతాను. పుల్కాలు వాళ్లింటి నుంచి తెస్తానన్నారు.