సిగ్నల్ దగ్గరి పొగా, పడకగదిలో కాయిలా: ఊపిరితిత్తులకు ఏది ఎక్కువ చేటు?

లీలామహల్ కూడలిలో బస్సు వెనక ఇరుక్కుని ఇరవై నిమిషాలు పీల్చే దట్టమైన పొగ ప్రమాదమా, తలుపులు మూసిన గదిలో రాత్రంతా పీల్చే దోమల కాయిల్ పలచని పొగా? తిరుపతి మిత్రులు నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఇది. చాలామంది భయం మొదటిదాని మీదే. నాకు మాత్రం రెండోదే ఎక్కువ భయం.

గాఢతను సమయంతో గుణిస్తే విషం మోతాదు తెలుస్తుందని యుద్ధవాయువులను పరిశీలించిన జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఫ్రిట్జ్ హేబర్ చెప్పాడు. నిమిషానికి ఎంత గాలి పీలుస్తున్నామో కూడా కలిపి లెక్క వేద్దాం. కూడలిలో ఘనమీటరు గాలికి 300 మైక్రోగ్రాముల సూక్ష్మధూళి (పీఎం 2.5) ఉందనుకుందాం. స్కూటరు మీద నిమిషానికి 10 లీటర్ల చొప్పున ఇరవై నిమిషాలు పీలిస్తే లోపలికి వెళ్లేది 60 మైక్రోగ్రాములు. గదిలో అందులో సగమే, అంటే 150 ఉందనుకున్నా, నిద్రలో నిమిషానికి 6 లీటర్ల చొప్పున ఎనిమిది గంటల్లో 430 దాటుతుంది. గాలి సగం పలచన, మోతాదు ఏడింతలు!

దోమల కాయిల్ పొగ తక్కువేమీ కాదు. చైనా, మలేషియా కాయిళ్లపై 2003లో వెలువడిన పరిశోధన ప్రకారం ఒక్క కాయిల్ పూర్తిగా కాలితే 75 నుంచి 137 సిగరెట్లంత సూక్ష్మధూళి వెలువడుతుంది.

నా దృష్టిలో అసలు తేడా విరామం దగ్గరుంది. శ్వాసనాళాల్లో పడిన దుమ్మును అక్కడి నూగు ఒకటి రెండు రోజుల్లో పైకి నెట్టేస్తుంది. గాలి తిత్తుల దాకా చేరిన సూక్ష్మధూళిని రక్షక కణాలు తొలగించడానికి వారాలు, నెలలు పడుతుంది. రోజూ రాత్రి కొత్త ధూళి వచ్చి పడుతుంటే ఆ పని ఎప్పటికీ పూర్తికాదు, వాపు తగ్గదు. సూక్ష్మధూళికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాది సగటు పరిమితి పెట్టడానికి ఒక కారణం దీర్ఘకాలంలో జరిగే ఈ నష్టమే. 2021 నుంచి ఆ పరిమితి 5 మైక్రోగ్రాములు. మన దేశంలో 40.

అయితే హేబర్ సూత్రం అన్నిటికీ సరిపోదు. ఓజోన్ విషయంలో సమయం కన్నా గాఢతదే పైచేయి: ఊపిరితిత్తుల లోపలి తడిపొర కొంతవరకే తట్టుకుంటుంది, అది దాటితే కణాలు దెబ్బతింటాయి. సల్ఫర్ డయాక్సైడ్ ఉబ్బసం ఉన్నవారి శ్వాసనాళాలను నిమిషాల్లో బిగదీస్తుంది. దానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పది నిమిషాల పరిమితి కూడా పెట్టింది అందుకే. ఇంట్లో ఉబ్బసం రోగి ఉంటే నా తీర్పు మారుతుంది. వారికి కూడలి పొగ, కాయిల్ రెండూ వద్దు.

అలిపిరి మెట్లెక్కేవారు నిమిషానికి 30 లీటర్లు, ఆపైనే పీలుస్తారు. కాబట్టి వాహనాల రద్దీ పెరగకముందే బయలుదేరడం మేలు. అగరుబత్తి వెలిగిస్తే కిటికీ తెరవండి. ఎన్95 మాస్కు ధూళిని ఆపుతుంది, వాయువులను ఆపదు. ఒక్కదానికే డబ్బు పెట్టగలిగితే మాస్కు కన్నా ముందు దోమతెర కొనండి.