మైక్రోస్కోప్ సర్వీసింగ్ మస్తుగ చేసిండ్రు, ఆలస్యమే బాధ

హన్మకొండ చౌరస్తా దగ్గర చిన్న షాపుల నా పాత కాంపౌండ్ మైక్రోస్కోప్ సర్వీసింగ్‌కి ఇచ్చిన, 1,800 తీసుకున్నరు. నేను చూసేది పెంకు పురుగుల మీద బతికే లాబుల్‌బెనియాలెస్ ఫంగస్, చాలా వాటికి అర మిల్లీమీటర్ కూడా ఉండదు, మామూలు బూజు లెక్క దారాలు పాకవు, నల్లటి పాదంతోని పురుగు పెంకుకు అతుక్కుని నిలబడ్తది. ఈ గుంపుల 1891ల థాక్స్‌టర్ అనే శాస్త్రవేత్త పేరుపెట్టి చెప్పిన హెస్పెరోమైసిస్ విరెసెన్స్ చానా రకాల అక్షింతల పురుగుల మీద ఉండేది ఒక్కటే జాతి అనుకున్నరు, తర్వాత డీఎన్ఏ చూస్తే అండ్ల చాలా జాతులు దాగున్నయని తేలింది, 2022ల అండ్లకెల్లి ఒకదానికి హెస్పెరోమైసిస్ హార్మోనియే అని కొత్త పేరు వచ్చింది. కొత్త జాతి అనాలంటే ఒక్కో కణం మైక్రాన్లల్ల (మిల్లీమీటర్‌ల వెయ్యోవంతు) కొలవాలె, బొమ్మ గీయాలె, నమూనా భద్రపర్చాలె, అందుకే లెన్స్ మీద మరక ఉంటే నాకు పానం పోయినట్టే. వీళ్లు 100 రెట్లు పెద్దగ చూపే ఆబ్జెక్టివ్ లెన్స్‌ల ఎండిపోయిన ఆయిల్ మొత్తం తీసిండ్రు, ఇప్పుడు కణాల మధ్య అడ్డుగోడలు సాఫ్‌గ కనబడ్తున్నయి, చూసి ఎంత సంబురమైందో!

నాలుగు రోజులని చెప్పి పన్నెండు చేసిండ్రు, ఫోన్ ఎత్తలే. కన్ను పెట్టి చూసే ఐపీస్‌ల ఉండే కొలత గీతల స్కేల్ కూడా సరిచూడకుండనే ఇచ్చిండ్రు, మళ్లా నేనే స్టేజ్ మైక్రోమీటర్ (కచ్చితమైన కొలత గీతలున్న గాజు పలక) పెట్టి చూసుకున్న. పని మాత్రం నిజంగ మంచిగుంది, నాలుగు స్టార్లు.