స్కూలు లైబ్రరీ నెట్‌వర్క్‌లో సీడీ-రామ్‌లు: డ్రైవు పంచాలా, డిస్కునే సర్వర్‌లోకి ఎక్కించాలా?

1990ల మధ్యలో అమెరికా స్కూలు లైబ్రేరియన్లకు ఇదొక పెద్ద తలనొప్పి. గ్రోలియర్ ఎన్‌సైక్లోపీడియా 1985లోనే బొమ్మలు లేకుండా, ఉత్త అక్షరాలతో సీడీ మీదికి వచ్చింది. 1989లో కాంప్టన్స్ వాళ్లు బొమ్మలు, శబ్దాలు కలిపి తెచ్చారు. 1993లో మైక్రోసాఫ్ట్ ఎన్‌కార్టా వచ్చాక అల్మరా నిండా ఉండే సంపుటాలన్నీ 650 ఎంబీల ఒక్క డిస్కులో ఇమిడిపోతాయని అందరికీ అర్థమైంది. ఇబ్బంది ఒక్కటే. పుస్తకాల సెట్టయితే ‘ఏ’ సంపుటం ఒకరు, ‘ఎం’ సంపుటం ఇంకొకరు తీసుకుని చదువుకుంటారు. డిస్కు ఒక్కటే ఉంటే ఒక కంప్యూటర్ దగ్గర ఒకరు కూర్చుంటారు, మిగతా క్లాసంతా వెనక నిలబడాలి.

దాన్ని నెట్‌వర్క్ మీద పంచాలంటే దారులు ముఖ్యంగా మూడు: ఎవరో ఒకరి కంప్యూటర్‌లో ఉన్న డ్రైవును షేర్ చేయడం, సీడీ టవర్ కొనడం, డిస్కును సర్వర్ హార్డ్ డిస్కులోకి కాపీ చేయడం. నా ఓటు మూడోదానికి. కానీ మిగతా రెండింటినీ కొట్టిపారేయలేం, వాటి అవసరం వాటికి ఉంది.

చవకైన దారి మొదటిదే. విండోస్ 95లో డ్రైవు మీద రైట్ క్లిక్ కొట్టి షేరింగ్ ఎంచుకుంటే చాలు, పక్క కంప్యూటర్లకు అది కనిపిస్తుంది. అంతకు ముందు, విండోస్ 95 కన్నా పాత ఆపరేటింగ్ సిస్టమ్ డాస్ రోజుల్లో మాత్రం ఒక చిక్కు ఉండేది. సీడీ మీద ఫైళ్లను అమర్చే ఐఎస్‌ఓ 9660 అనే పద్ధతిని డాస్ నేరుగా చదవలేదు. ఎంఎస్‌సీడెక్స్ అనే చిన్న ప్రోగ్రాం మధ్యలో నిలబడి, సీడీని ఒక నెట్‌వర్క్ డ్రైవులా డాస్‌కు చూపించేది. అప్పటికే నెట్‌వర్క్ డ్రైవులా కనిపించేదాన్ని మళ్లీ నెట్‌వర్క్ మీద పంచడం మామూలుగా కుదరదు. అందుకే ఎంఎస్‌సీడెక్స్ లైను చివర ‘/ఎస్’ అని చేర్చాలి. ఆ ఒక్క అక్షరం మర్చిపోతే ఎంత కుస్తీ పట్టినా డ్రైవు షేర్ అవదు.

ఈ పద్ధతి ఇద్దరు ముగ్గురికి బాగానే పనిచేస్తుంది. షేర్ చేసిన కంప్యూటర్ లైబ్రేరియన్ బల్ల మీదిదైతే, అది హ్యాంగ్ అయిన ప్రతిసారీ అందరి పనీ ఆగుతుంది. పిల్లలు వాడేదైతే ఇంకా కష్టం. ఎవరో ఒకరు బటన్ నొక్కి ట్రే బయటికి లాగుతారు. ఆ క్షణంలో ఆ డిస్కు చదువుతున్న ప్రతి స్క్రీన్ మీదా ఎర్రర్ పడుతుంది.

టవర్ అంటే ఒకే పెట్టెలో ఒకదాని మీద ఒకటి పేర్చిన డ్రైవులు. పెట్టెకు ఏడు డ్రైవులు ఉండటం మామూలు. దానికి కారణం, డ్రైవులను కంప్యూటర్‌కు కలిపే స్కజీ అనే పద్ధతి: అప్పటి స్కజీ కేబుల్ మీద ఎనిమిది నంబర్లే ఉంటాయి, ఒకటి కంట్రోలర్‌కు పోతే మిగిలేవి ఏడు. టవర్‌ను లోపలి గదిలో తాళం వేసి పెట్టొచ్చు, డిస్కులు అరిగిపోవు, ఎవరూ ఎత్తుకుపోరు. నోవెల్ కంపెనీ సర్వర్ సాఫ్ట్‌వేర్ నెట్‌వేర్ 3.12 ఉన్న స్కూళ్లలో సీడీరామ్.ఎన్‌ఎల్‌ఎమ్ అనే మాడ్యూల్ ఎక్కిస్తే డిస్కు సర్వర్‌లోని మామూలు డ్రైవులాగే పిల్లలకు కనిపించేది. అప్పుడు పిల్లల కంప్యూటర్లలో ఎంఎస్‌సీడెక్స్ అక్కర్లేదు. 640 కేబీల మెమరీలోనే నెట్‌వర్క్ డ్రైవర్లు, మౌస్, మిగతావన్నీ ఇరికించాల్సిన ఆ రోజుల్లో అది చిన్న మేలు కాదు.

అయితే టవర్ కొన్న చాలామంది ఒక విషయం ఆలోచించలేదు. టవర్ తీర్చేది ‘ఎక్కువ డిస్కులు’ అనే సమస్యను. ‘ఎక్కువ మంది పాఠకులు’ అనే సమస్యను కాదు. పత్రికల సూచికలు ఏళ్లవారీగా నాలుగైదు డిస్కుల్లో ఉంటే, ఒక్కో డిస్కుకు ఒక్కో డ్రైవు ఉండటం గొప్ప సౌకర్యమే. కానీ స్కూల్లో జరిగేది వేరు. టీచర్ మొత్తం క్లాసును తీసుకొచ్చి ‘అగ్నిపర్వతాల గురించి రాయండి’ అంటారు. అందరూ ఒకే ఎన్‌సైక్లోపీడియా తెరుస్తారు. ఏడు డ్రైవుల్లో ఆరు ఖాళీగా ఉంటాయి, ఏడోదాని మీద అందరూ పడతారు.

అప్పుడు ఆ డ్రైవులో ఏం జరుగుతుందో లెక్క వేసి చూడండి. మొదటి తరం (1ఎక్స్) డ్రైవు వేగం సెకనుకు 150 కేబీ, దానికి నాలుగు రెట్ల 4ఎక్స్ అయితే 600 కేబీ. ఇది డిస్కును వరసగా చదివినప్పుడు వచ్చే వేగం. లోపలి అంచు దగ్గర డిస్కు వేగంగా తిరగాలి, బయటి అంచు దగ్గర నెమ్మదిగా తిరగాలి కాబట్టి, లేజర్ ఇటు నుంచి అటు జరిగిన ప్రతిసారీ మోటారు వేగం కూడా మారాలి. ఒక చోటు నుంచి ఇంకో చోటుకు వెళ్లి కుదురుకోవడానికి సుమారు 200 మిల్లీసెకన్లు అనుకుందాం. పది మంది పిల్లలు పది వేర్వేరు వ్యాసాలు తెరిచారు. లేజర్ ఒకరి కోసం 32 కేబీ చదివి, ఇంకొకరి కోసం గెంతుతుంది. చదవడానికి 53 మిల్లీసెకన్లు, గెంతడానికి 200. అంటే సెకనుకు నాలుగు ముక్కలు, మొత్తం 128 కేబీ. 600 రావాల్సిన చోట ఐదో వంతు. దాన్ని పది మందికి పంచితే తలా 13 కేబీ. 150 కేబీల బొమ్మ ఒకటి తెర మీదికి రావడానికి దాదాపు పన్నెండు సెకన్లు పడుతుంది. అంతసేపు ఏమీ కదలకపోతే ఏ పిల్లాడైనా మౌస్‌ను టకటకా నొక్కుతాడు.

అదే సమాచారం హార్డ్ డిస్కులో ఉంటే గెంతడానికి పట్టేది 10 మిల్లీసెకన్ల చుట్టుపక్కలే. అప్పటి మామూలు డిస్కు సెకనుకు 2 ఎంబీ చదువుతుందనుకున్నా, అదే 32 కేబీ ముక్కలు సెకనుకు ముప్పై ఎనిమిది వరకు వస్తాయి. మొత్తం 1.2 ఎంబీ. అప్పటి ఈథర్‌నెట్ వేగం సెకనుకు 10 మెగాబిట్లు, అంటే మహా అయితే 1.25 ఎంబీ. అంటే కేబుల్ మోయగలిగినంతా దాదాపుగా డిస్కు ఇస్తోంది. వేగం తొమ్మిది రెట్లు పెరిగింది, అదీ కొత్త సీడీ డ్రైవు ఒక్కటీ కొనకుండా. డిస్కును ఒకసారి కాపీ చేయడానికి 4ఎక్స్ డ్రైవు మీద పట్టేది ఇరవై నిమిషాల లోపే. సర్వర్‌కు ఎక్కువ ర్యామ్ వేయడం కూడా పనికొస్తుంది, ఎందుకంటే అందరూ మళ్లీ మళ్లీ తెరిచే సూచిక ఫైళ్లు మెమరీలోనే ఉండిపోతాయి. కానీ బొమ్మలకు, వీడియోలకు అది చాలదు.

జ్యూక్‌బాక్స్, అంటే ఒకే డ్రైవు చాలా డిస్కులను మార్చి మార్చి చదివే పెట్టె, దాని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. పయొనీర్ వాళ్ల ఆరు డిస్కుల ఛేంజర్ లాంటివి తక్కువ డబ్బుకు ఎక్కువ డిస్కులు ఇచ్చేవి. చదివే లేజర్ ఒక్కటే, డిస్కు మార్చాలంటే కొన్ని సెకన్లు. ఇద్దరు పిల్లలు రెండు డిస్కులు అడిగితే చాలు, అది మారుస్తూనే ఉంటుంది. నెట్‌వర్క్‌కు పనికిరాదు.

హార్డ్ డిస్కు దారిలో చిక్కులు లేవని కాదు. కొన్ని ప్రోగ్రాంలు మొదలవగానే ‘ఇది నిజంగా సీడీ డ్రైవేనా?’ అని ఎంఎస్‌సీడెక్స్‌ను అడుగుతాయి, జవాబు రాకపోతే ఆగిపోతాయి. మెరిడియన్ కంపెనీ సీడీ నెట్ లాంటి సాఫ్ట్‌వేర్లు నెట్‌వర్క్ మీది డ్రైవును సీడీ డ్రైవులాగే చూపించి ఈ గొడవ తీర్చేవి. ఇంకొన్ని ప్రోగ్రాంలు ఇన్‌స్టాల్ చేసినప్పుడు ఉన్న డ్రైవు అక్షరాన్నే గుర్తు పెట్టుకుంటాయి. ఎన్‌సైక్లోపీడియాకు ఎల్ అని ఇస్తే, అన్ని కంప్యూటర్లలోనూ, ఎప్పటికీ ఎల్ గానే ఉండాలి. ఈ అక్షరాల పట్టిక ఒక కాగితం మీద రాసి సర్వర్‌కు అతికించడం మంచిది, లైబ్రేరియన్ మారినా పని ఆగదు.

పాటల ట్రాకులు కలిసిన డిస్కులది మాత్రం వేరే కథ. మామూలు ఆడియో సీడీ పద్ధతిలో ఉన్న శబ్దం ఫైలుగా నెట్‌వర్క్ మీద ప్రయాణించదు, డ్రైవు దాన్ని తన హెడ్‌ఫోన్ రంధ్రంలోంచి నేరుగా వినిపిస్తుంది. కాబట్టి ఒక అమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చుని బీథోవెన్ నొక్కితే, సంగీతం లోపలి గదిలోని డ్రైవు దగ్గరే వస్తుంది. ఇలాంటి డిస్కుల కోసం హెడ్‌ఫోన్ పెట్టిన ఒక కంప్యూటర్‌ను సొంత డ్రైవుతో విడిగా ఉంచడమే సరైన పని.

లైసెన్స్ సంగతి అన్నిటికన్నా ముఖ్యం. దుకాణంలో కొన్న డిస్కు సాధారణంగా ఒక కంప్యూటర్ మీద వాడటానికే. నెట్‌వర్క్ మీద పెట్టాలంటే వేరే లైసెన్స్, దానికి ఎక్కువ ధర. ఇది టవర్‌కూ వర్తిస్తుంది, డ్రైవు షేర్ చేసినా వర్తిస్తుంది. డిస్కు కాపీ చేయలేదు కాబట్టి తప్పు లేదనుకోవడం సరికాదు. హార్డ్ డిస్కు దారికి మరో అనుమతి కూడా కావాలి, కాపీ చేయడానికి. చందా మీద వచ్చే కొన్ని డేటాబేస్‌లకు చందా ముగియగానే పాత డిస్కు తిరిగి పంపాలన్న షరతు ఉండేది, అలాంటప్పుడు సర్వర్‌లోని కాపీని కూడా తీసేయాలి. స్కూలు పిల్లలకు నిజాయితీ నేర్పే చోట ఈ ఖర్చు తప్పించుకోవడం నాకు నచ్చదు.

ఇక తేల్చాలంటే ఇలా. నాలుగైదు కంప్యూటర్లున్న చిన్న లైబ్రరీకి డ్రైవు షేరింగ్ చాలు. ఏళ్ల తరబడి పోగైన సూచికల డిస్కులు ఎక్కువగా ఉండి, ఒక్కోదాన్ని అరుదుగా వాడే చోట టవర్ మేలు. క్లాసులు క్లాసులుగా పిల్లలు వచ్చే లైబ్రరీకి మాత్రం ఎక్కువ వాడే రెండు మూడు డిస్కులకు నెట్‌వర్క్ లైసెన్స్ కొని హార్డ్ డిస్కులోకి ఎక్కించాలి. దశాబ్దం మొదట్లో అంత పెద్ద హార్డ్ డిస్కు ఖరీదు చూసి వెనక్కి తగ్గారంటే అర్థం ఉంది. 1990ల చివరికి గిగాబైట్లు చవకయ్యాక కూడా టవర్లు కొనడం మాత్రం డబ్బు వృథా.

ఇప్పటికీ పాత విద్యా సీడీలు బీరువాలో ఉన్న స్కూళ్లు, లైసెన్స్ ఒప్పుకుంటే, అవి చదవగలిగే స్థితిలో ఉండగానే ఐఎస్‌ఓ ఫైళ్లుగా, అంటే డిస్కు మొత్తం ఒకే ఫైలుగా, తీసి పెట్టుకోవాలి. విండోస్ 8 నుంచి డబుల్ క్లిక్ కొడితే ఆ ఫైలే డ్రైవులా తెరుచుకుంటుంది. నెట్ సరిగ్గా రాని మన ఊళ్ల స్కూళ్లకైతే అసలు సీడీయే అక్కర్లేదు. కివిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను ఒక చిన్న కంప్యూటర్‌లో పెట్టి, తెలుగు వికీపీడియాను ఒకసారి దించుకుంటే, నెట్ లేకుండానే వైఫై మీద క్లాసంతా ఒకేసారి చదువుకోవచ్చు. వికీపీడియా వ్యాసాలను స్వేచ్ఛగా పంచుకోవచ్చు కాబట్టి లైసెన్స్ కోసం విడిగా డబ్బు కట్టే పని కూడా లేదు.