పికాసా తర్వాత డిజికామ్: పేర్లు ఫొటోలో ఉన్నాయా, పక్కన ఉన్నాయా?

గూగుల్ తన ఫొటోల సాఫ్ట్‌వేర్ పికాసాకు 2016 మార్చి 15తో మద్దతు ఆపేసింది. అయినా దాని చివరి వెర్షన్ 3.9 విండోస్ 10, 11 మీద ఇప్పటికీ నడుస్తుంది కాబట్టి చాలామంది దాన్నే పట్టుకుని ఉన్నారు. చివరికి వదిలించేది ఎక్కువగా ఐఫోన్ తీసే హెచ్‌ఈఐసీ రకం ఫొటోలే. పికాసా వాటిని తెరవలేదు. నేను మారింది డిజికామ్ అనే ఫొటోలు సర్దుకునే సాఫ్ట్‌వేర్‌కి. ఏళ్ల తరబడి వాడాక దాని గురించి ఒక్క మాటే చెప్పాలంటే, సరిగ్గా అమర్చుకుంటే అది మనుషుల పేర్లను ఫొటో ఫైల్లోనే రాస్తుంది. ఎడిటింగ్, అందం, వేగం అన్నీ నా లెక్కలో దాని తర్వాతే.

పికాసా మీద నా కోపం కూడా అక్కడిదే. ముఖానికి పేరు పెట్టడం అంత హాయిగా చేసిన సాఫ్ట్‌వేర్ మరోటి లేదు. కానీ ఆ పేరు ఫొటోలోకి దానంతట అది పోదు. ప్రతి ఫోల్డర్‌లోనూ డాట్‌తో మొదలయ్యే 'పికాసా డాట్ ఐఎన్ఐ' అనే ఫైల్ ఒకటి దాగి ఉంటుంది. ముఖాలు, స్టార్ గుర్తులు, సేవ్ నొక్కని ఎడిట్లు అన్నీ అందులోనే. ఫొటోల్ని మాత్రమే ఏరి పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తే ఆ శ్రమంతా వెనకే ఉండిపోతుంది. డిజికామ్ ఈ ఐఎన్ఐ ఫైళ్లను చదవదు. అందుకే ఇల్లు మారడానికి ముందే పికాసాలో కాస్త పని ఉంది, అదీ ఒక వరసలో.

మొదట ఎడిట్ చేసిన ఫొటోలన్నీ సేవ్ చేయాలి. పికాసాలో తిప్పడం, కత్తిరించడం సేవ్ నొక్కేదాకా ఒట్టి సూచనలే. సేవ్ చేయని ఫొటో డిజికామ్‌లో మళ్లీ పాత రూపంలోనే, అడ్డంగా పడుకుని కనిపిస్తుంది. సేవ్ అయ్యాక అసలు ఫొటోలు దాగి ఉన్న 'పికాసాఒరిజినల్స్' ఫోల్డర్‌లోకి పోతాయి. పాత వెర్షన్లలో దాని పేరు ఉత్త 'ఒరిజినల్స్'. డిజికామ్ సెట్టింగుల్లో వదిలేయాల్సిన ఫోల్డర్ల జాబితా ఉంటుంది. అందులో ఈ పేర్లు చేర్చకపోతే అలా సేవ్ చేసిన ఫొటోలు రెండేసిసార్లు దర్శనమివ్వొచ్చు.

తర్వాత స్టార్లు, ఆల్బమ్‌లు. ఇవీ ఫొటోలో ఉండవు. కానీ పికాసా ట్యాగులను జేపీఈజీ లోపలే రాస్తుంది, ఆ దారి వాడుకోవచ్చు. స్టార్ ఫిల్టర్ నొక్కి, వచ్చినవన్నీ ఎంచుకుని, కంట్రోల్-టీతో 'స్టార్' అని ట్యాగు పెట్టాలి. ఒక్కో ఆల్బమ్‌కు దాని పేరే ట్యాగు. వీడియోలకు ఈ ఉపాయం పనిచేయదు.

ముఖాలది ఆఖరి వంతు. ఆప్షన్స్‌లో నేమ్ ట్యాగ్స్ పేజీకి వెళ్లి, పేర్లను ఫొటోలో నిల్వ చేయమనే టిక్కు పెట్టాలి. అప్పటికే పెట్టిన పేర్ల కోసం టూల్స్ మెనూలో ఎక్స్‌పెరిమెంటల్ కింద 'రైట్ ఫేసెస్ టు ఎక్స్‌ఎంపీ' అని ఒకటి ఉంది (ఎక్స్‌ఎంపీ అంటే పేర్లు, ట్యాగుల్లాంటి సమాచారం రాసే పద్ధతి). అంత ముఖ్యమైన పనిని 'ప్రయోగాలు' అనే అటక మీద పెట్టిన వాళ్లను ఏమనాలో తెలియదు.

పికాసా నడిచే కంప్యూటరే లేదు, ఫోల్డర్లూ ఐఎన్ఐ ఫైళ్లూ మాత్రమే మిగిలాయి అంటే కథ కొంచెం ముదురుతుంది. ఐఎన్ఐలో ముఖం ఉన్న చోటు 16 అంకెల హెక్స్ సంఖ్య (0 నుంచి 9, ఆపైన ఎ నుంచి ఎఫ్ దాకా వాడి రాసేది). నాలుగేసి అంకెల చొప్పున ఎడమ, పై, కుడి, కింది అంచులు. ఒక్కో భాగాన్ని 65535తో భాగిస్తే ఆ అంచు ఫొటో వెడల్పులోనో ఎత్తులోనో ఎన్నో వంతు దగ్గరుందో వస్తుంది. చిక్కేమిటంటే, పికాసా ముందు వచ్చే సున్నాలను రాయదు. ముఖం పెట్టె ఫొటో వెడల్పులో మొదటి పదహారో వంతు లోపలే మొదలైతే, సంఖ్య 15 అంకెలకో 14కో కుదించుకుపోతుంది. ఈ సంఖ్యల్ని మార్చే స్క్రిప్టు (చిన్న ప్రోగ్రామ్) ఎడమవైపు సున్నాలు నింపుకోకపోతే అంచులన్నీ పక్కకు జరిగి, పేరు గోడ మీదో పక్కవాళ్ల భుజం మీదో వాలుతుంది. గ్రూప్ ఫొటోల్లో ఎడమ చివర నిలబడ్డవాళ్ల పేర్లు మాత్రమే తప్పాయంటే కారణం ఇదే, ఇంకెక్కడా వెతకొద్దు. ఆ సంఖ్య పక్కనే మనిషి గుర్తింపు కోడ్ ఉంటుంది, అసలు పేరు అదే ఫైల్లో 'కాంటాక్ట్స్2' భాగంలో దొరకొచ్చు. కోడ్ అంతా 'ఎఫ్'లే అయితే ఆ ముఖానికి పేరు పెట్టలేదని. సొంతంగా స్క్రిప్టు రాసే ఓపిక లేకపోతే ఫొటో లోపలి సమాచారం చదివి రాసే ఎగ్జిఫ్‌టూల్ అనే ప్రోగ్రామ్‌తో పాటు వచ్చే కాన్ఫిగ్ ఫైళ్లలో పికాసా ముఖాల కోసం ఒకటి సిద్ధంగానే ఉంది.

ఇక డిజికామ్ వైపు. ఫొటోల ఫోల్డర్ చూపించకముందే కాన్ఫిగర్‌లో మెటాడేటా (ఫొటో లోపల రాసే సమాచారం) పేజీ తెరిచి, ట్యాగులు, క్యాప్షన్లు, రేటింగ్, ఫేస్ ట్యాగులు రాయమని టిక్కులు చూసుకోండి. ఇవి లేకపోతే డిజికామ్ కూడా పేర్లను తన డేటాబేస్‌లోనే దాచుకుంటుంది, అంటే పికాసా కథే మళ్లీ మొదలు. ముందే మర్చిపోయి ఉంటే టూల్స్‌లోని మెయింటెనెన్స్‌లో మెటాడేటాకూ డేటాబేస్‌కూ పొత్తు కుదిర్చే పని ఉంది. అక్కడ దిశ జాగ్రత్త: డేటాబేస్ నుంచి ఫొటోకి. తలకిందులుగా పెడితే ఫొటోలో లేని పేర్లు డేటాబేస్‌లోనూ చెరిగిపోవచ్చు. ఇంకో సంగతి, డిజికామ్ తానే ఊహించిన ముఖాలు మీరు ఒప్పుకునేదాకా ఫైల్లోకి పోవు. వేల ఊహల్ని 'తర్వాత చూద్దాంలే' అని వదిలేస్తే అవి రాసినట్టు కాదు.

పైన దీన్ని బాగానే మెచ్చుకున్నాను గానీ, కొన్ని మెలికలున్నాయి. ఫైల్లో రాయడమంటే ఫైలు మారడమే. ముఖాలకు పేర్లు పెట్టిన రాత్రి బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌కు ఫోల్డర్లకు ఫోల్డర్లే కొత్తవిగా కనిపించి మళ్లీ కాపీకి దిగుతుంది. ఆ పని మొదలుపెట్టే ముందు డిస్కులో చోటు చూసుకోవాలి. ఫైల్ సమయం మార్చొద్దని డిజికామ్‌కు చెప్పొచ్చు, కానీ అప్పుడు సమయం మాత్రమే చూసే బ్యాకప్‌లు మార్పును గుర్తించకుండా దాటేస్తాయి. కాపీ ఆలస్యమైనా పర్లేదని నేను సమయం మారనిస్తాను. రా ఫైళ్ల (కెమెరా ఇచ్చే ముడి ఫొటోల) లోపల మాత్రం రాయించొద్దు. వాటికి పక్కన ఎక్స్‌ఎంపీ సైడ్‌కార్ ఫైలే క్షేమం, కాకపోతే ఆ ఫైలును ఫొటో వెంటే మోసుకెళ్లాలన్న పాత బెడద తిరిగొస్తుంది. డేటాబేస్ కంప్యూటర్ లోపలి డిస్కులోనే ఉండాలి. ఆ డేటాబేస్ ఉండే ఎస్‌క్యూలైట్ ఫైల్‌ను నెట్‌వర్క్ డ్రైవ్‌లో పెడితే పాడయ్యే ప్రమాదం ఉంది. ఫొటోలు బయటి డిస్కులో ఉన్నా ఇబ్బంది లేదు.

ఎడిటింగ్‌లో పికాసా సుఖం లేదు. వంకర సరిచేయడానికి అక్కడ ఒక్క స్లైడర్ చాలు. ఇక్కడ ఎఫ్4 నొక్కి ఎడిటర్ తెరిచి, పనిముట్టు వెతికి, సేవ్ చేస్తే పక్కన ఇంకో వెర్షన్ ఫైల్ పుడుతుంది. రోజుకు నాలుగు ఫొటోలైతే ఫర్వాలేదు, నాలుగు వందలైతే విసుగే. ముఖాల గుర్తింపు పెద్దవాళ్ల విషయంలో బాగుంది. పిల్లలు ఎదిగేకొద్దీ తడబడుతుంది, అన్నదమ్ముల్ని కలిపేస్తుంది.

ఎడిటింగే ప్రధానమైతే డార్క్‌టేబుల్ మేలు, కానీ అందులో ముఖాల గుర్తింపు లేదు. లైట్‌రూమ్ క్లాసిక్ పేర్లను కేటలాగ్‌లో ఉంచుకుంటుంది, మెటాడేటాను ఫైల్‌కు సేవ్ చేయమంటే రాస్తుంది. నెలనెలా చందా కట్టడానికి అభ్యంతరం లేనివాళ్లకు అది సరిపోతుంది.

దేన్ని ఎంచుకున్నా ముందు ఐదు ఫొటోలతో పరీక్ష పెట్టండి: ఎడమ అంచున ముఖం ఉన్నది, తిప్పినది, కత్తిరించినది, తెలుగులో పేరు రాసినది, ఒక రా ఫైలు. పేర్లు పెట్టాక ఆ ఐదింటినే వేరే కంప్యూటర్‌కు కాపీ చేసి, వేరే సాఫ్ట్‌వేర్‌లో తెరవండి.

నావి ఎక్కువగా పాత జేపీఈజీలు, వాడేది ఒకే కంప్యూటర్, ఎడిటింగ్ తక్కువ. అందుకే డిజికామ్ నాకు నప్పింది. ఫొటోలన్నీ ఫోన్‌లోనే చూసుకునేవాళ్లకు ఇంత తతంగం భారమే కావచ్చు. పికాసా నుంచి వచ్చేవాళ్లు మాత్రం మారిన వెంటనే ఆ ఐఎన్ఐ ఫైళ్లను చెత్తనుకుని తుడిచేయకండి. తప్పిపోయిన పేరు ఒకటి ఎప్పుడో ఒకప్పుడు బయటపడుతుంది, దాన్ని వెతకడానికి అప్పుడు మిగిలేది అవే.