బిట్రగుంట షెడ్డు ఎరిగినవాళ్లకు నీలగిరి కొండబండి నచ్చుతుందా?

బిట్రగుంటలో ఆవిరి ఇంజన్ల షెడ్డు ఎంత పెద్దదో కావలి, నెల్లూరు వైపు పెద్దవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఆ ఇంజన్లు పోయాయి, రైల్వే కాలనీ మిగిలింది. అట్లాంటి ఇంజను చెమటోడ్చి పనిచేస్తుంటే చూడాలంటే మేట్టుపాళయం–ఊటీ బండి ఎక్కాల్సిందే. రంగు పూసి దిమ్మె మీద నిలబెట్టిన ఇంజనుకీ దీనికీ పోలికే లేదు. కొండల అందం సంగతి మిగతావాళ్లు చాలానే రాశారు, ఇక్కడ ఇంజను సంగతే.

ముందే ఒక మాట. ఊటీ దాకా ఆవిరే అనుకుని వెళ్తే ఉసూరుమంటారు. మొత్తం 46 కిలోమీటర్లలో కూనూరు దాకా, అంటే దాదాపు 28 కిలోమీటర్లే ఆవిరి ఇంజను; అక్కణ్ణుంచి డీజిల్ తగిలిస్తారు. ఇంజను కోసమే వెళ్లేవాళ్లు కూనూరులో దిగిపోయినా నష్టం లేదు, షెడ్డు కూడా అక్కడే ఉంది.

ఈ ఎక్స్ క్లాసు ఇంజన్లు స్విట్జర్లాండులోని వింటర్‌థర్‌లో పుట్టాయి. కొండ పాదంలోని కల్లార్ స్టేషను దాటగానే వాలు సుమారు 12 అడుగులకు ఒక అడుగు. అంత ఎత్తుకు మామూలు చక్రాలు జారిపోతాయి కాబట్టి పట్టాల మధ్య పళ్ల కమ్మీలు రెండు పక్కపక్కన ఉంటాయి. ఒకదాని పన్ను ఎదురుగా రెండోదాని సందు వచ్చేట్టు అమర్చారు; అందుకే ఇంజను కింది పళ్లచక్రం పట్టు ఏ క్షణమూ తప్పదు. సిలిండర్లు నాలుగు. కిందివి రెండూ మామూలు చక్రాలను తిప్పుతాయి. పళ్ల కమ్మీ మొదలయ్యాక వాటిలో పనిచేసి వచ్చిన ఆవిరినే పైరెండింటికీ పంపి పళ్లచక్రాలను తిప్పిస్తారు. కల్లార్ దగ్గర బండి నత్తలా కదిలి కమ్మీని అందుకున్నాక ఇంజను మోత మారిపోతుంది. చెవులు రిక్కించాల్సింది అక్కడే. ఆపైన వేగం గంటకు 13 కిలోమీటర్లు, చెట్లు లెక్కపెట్టుకోవచ్చు.

ఇంజను లాగదు, వెనకనుంచి నెడుతుంది. పెట్టెలను కలిపే కప్లింగు తెగినా పెట్టెలు లోయలోకి జారకుండా ఈ ఏర్పాటు. డ్రైవరుకి ముందు దారి కనపడదు గనక ముందు పెట్టె మీద నిలబడే బ్రేక్‌మన్ జెండా ఊపుతాడు, వెనక పెట్టెలవాళ్లు దాన్ని అందించుకుంటారు. దారి చూడాలంటే ముందు పెట్టె, ఇంజను వినాలంటే చివరి పెట్టె. చివరి పెట్టెకి తెల్ల చొక్కా మాత్రం వద్దు.

ఈ ఇంజన్లు బొగ్గు కాల్చవని కొందరు ముఖం చిట్లిస్తారు. అడవిలో నిప్పురవ్వల బెడద తప్పించడానికి నూనె బర్నర్లు వచ్చాయి, అది సబబే. ఆవిరి జెట్టు నూనెను తుంపరగా చీలుస్తుంది. గాలి తగ్గితే నల్లపొగ, ఎక్కువైతే తెల్లపొగ. నల్లపొగ మసి బాయిలరు గొట్టాల్లో పేరుకుంటే వేడి నీటికి ఎక్కదు, ఆవిరి పడిపోతుంది. పొగ రంగు చూసి ఫైర్‌మన్ పనితనం చెప్పొచ్చు. దారిలో హిల్‌గ్రోవ్ స్టేషనులో ఇంజనుకి నీళ్లు పట్టేటప్పుడు దిగి గమనించండి, చేతిలో తినుబండారం ఉంటే కోతులు మిమ్మల్ని గమనిస్తాయి.

మాకు అన్నిటికన్నా నచ్చింది వీటిని బతికిస్తున్న తీరు. ఇలాంటి ఇంజనుకి విడిభాగాలు ఏ అంగట్లోనూ దొరకవు. పాతవి అరిగిపోతుంటే తిరుచ్చి గోల్డెన్ రాక్ వర్క్‌షాపు 2011 నుంచి కొత్త ఇంజన్లనే కట్టింది. 2021లో బొగ్గుతో నడిచేదీ ఒకటి తయారుచేసింది. పాత ఇంజను కాదుగా అని పెదవి విరిచేవాళ్లుంటారు. బాయిలరు ఎన్నిసార్లు మార్చినా పని ఎరిగిన చేతులుంటేనే ఇంజను నిలుస్తుంది, బిట్రగుంటలో ముందు పోయింది ఆ చేతులే.

ఒంగోలు, కావలి, నెల్లూరు నుంచి పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై సెంట్రల్ చేరి, రాత్రి నీలగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి మేట్టుపాళయం. కొండబండి ఉదయం 7:10కి. సీట్లు ఇరుకు, వేసవి సెలవుల్లో దొరకడం గగనం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, మనకి వాయుగుండాలు పట్టే రోజుల్లోనే, అక్కడ కొండచరియలు విరిగి బండ్లు రద్దవుతుంటాయి. జనవరిలో పెట్టుకోండి. మా మార్కులు 5కి 4. ఆ ఒకటీ కూనూరులో డీజిల్ తగిలించినందుకు కోత.